దిగు తాత పెళ్లాం

కొరియా రేవుపట్నం గున్సాన్‌లో, చేపల బజారు వెనక వీధిలో మాల్‌సున్ అంటే ఎవరో ఎవరికీ తెలియదు. దిగు తాత పెళ్లాం అంటే మాత్రం పసిపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. అరవై ఎనిమిదేళ్లొచ్చినా సొంత పేరుతో పిలిచేవాళ్లు లేరని ఆమె ఏనాడూ బాధపడలేదు. పైగా ఆ మాట చెవిన పడితే నడుం కాస్త నిటారయ్యేది.

ఆ పేరు మొగుడు దొక్సు తెచ్చిపెట్టింది. రేవులో పని మానేశాక అతను బడి ముందు జీబ్రా గీతల దగ్గర పసుపు జెండా పట్టుకుని పిల్లల్ని రోడ్డు దాటించే పనిలో చేరాడు. ఏడేళ్లు చేశాడు. వానైనా మంచైనా ఒకటే కేక. "దిగు! సైకిల్ దిగు! ఎక్కితే బండివి, దిగితే మనిషివి!" చట్టం చెప్పేదీ అదే. గీతల మీద సైకిల్ నడిపించుకుంటూ వెళ్తే పాదచారి, తొక్కుకుంటూ వెళ్తే వాహనం. కాకపోతే చట్టాన్ని అంత గొంతు చించుకుని చెప్పినవాడు ఆ ఊళ్లో ఇంకొకడు లేడు. ఒకసారి చర్చి పాస్టరునే ఆపి దింపాడు.

"ఇంట్లో కూడా జెండా పట్టుకో. పొయ్యి దగ్గరికి పోవాలంటే నన్ను కూడా ఆపి పంపించు" అని మాల్‌సున్ దెప్పేది. అతను నిజంగానే వంటింటి గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టి నిలబడేవాడు. నలభై మూడేళ్ల కాపురం అలా నడిచింది.

పోయిన నవంబరులో, మునిమాపు వేళ, కూరలోకి సోయా టోఫూ కొనుక్కుని సైకిల్‌తో ఇంటికొస్తుంటే, అవే గీతల మీద లాండ్రీ వ్యాను అతన్ని గుద్దింది. ప్రాణం దక్కింది. మాట పోయింది, మనుషుల్ని గుర్తుపట్టడం పోయింది. ముక్కులో గొట్టంతో ఆసుపత్రి మంచం మీద పడి ఉన్నాడు. ఏం అడిగినా రెప్పలార్పుతాడు, ఏమీ అడగకపోయినా ఆర్పుతాడు.

వ్యాను నడిపిన యోమ్ ముప్పై రెండేళ్లవాడు, ఆ లాండ్రీ యజమాని కూడా అతనే. పోలీసులతో అతను చెప్పింది ఒకటే మాట. "తాత సైకిల్ మీదే ఉన్నాడండీ. ఒక్కసారిగా ముందుకొచ్చేశాడు." అతని వ్యానులో కెమెరా పాడైపోయి నెలైంది. చూసినవాళ్లు లేరు.

బీమా ఆఫీసు మనిషి ఇంటికొచ్చి మెల్లగా చెప్పాడు. "దిగి నడిచి ఉంటే తప్పంతా వ్యానుదే పిన్నిగారూ. ఆ అబ్బాయికి జైలు కూడా పడొచ్చు. సైకిల్ మీద ఉంటే మాత్రం తప్పులో కొంత బాబాయిగారి లెక్కలోకి వస్తుంది."

"దిగు తాత సైకిల్ ఎక్కి గీతలు దాటాడంటావా? ఆ మాట ఈ వీధిలో గట్టిగా అని చూడు. చేపల బుట్టలతో కొడతారు" అంది మాల్‌సున్.

పరిహారం సంగతి ఆమె మళ్లీ ఎత్తలేదు. ఆమెకు కావలసింది ఒక్కటే, మొగుడి మాట నిలబడటం. ఏడేళ్లు పదిమందికీ చెప్పిన మాట తానే తప్పాడని కాగితం మీద రాస్తే ఆ మనిషికి ఇంకేం మిగులుతుంది?

అందుకని గీతల పక్కన రెండు కరెంటు స్తంభాలకి పసుపు గుడ్డ కట్టించింది. 'నవంబరు పద్నాలుగు, సాయంత్రం ఐదూ నలభై, లాండ్రీ వ్యాను. చూసినవాళ్లు దయచేసి చెప్పండి' అని దాని మీద రాయించింది. మున్సిపాలిటీ వాళ్లు కోసేస్తే మళ్లీ కట్టింది. రెండోసారి కట్టినప్పుడు కింద ఎర్రరంగుతో తనే ఒక వాక్యం చేర్చింది. 'మా ఆయన దిగే నడిచాడు. వ్యాను అతను అబద్ధమాడుతున్నాడు.' దాంతో వీధి జనం యోమ్ లాండ్రీకి బట్టలు వెయ్యడం మానేశారు. మూడో నెలకి అతను కొట్లో పనివాణ్ని మాన్పించాడు.

అయినా ఆదివారం ఆదివారం పండ్లరసం సీసాల డబ్బా పట్టుకుని ఆసుపత్రికి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఆమె ఆ డబ్బా తీసుకెళ్లి వరండాలో పెట్టేది.

"అమ్మా, గుద్దింది నేనే. ఏ శిక్ష వేసినా పడతాను. కానీ అబద్ధం మాత్రం ఆడలేదమ్మా" అనేవాడు.

"నీ నోట్లో పుండు పుట్టా! మాట్లాడలేని మనిషి ముందు నిలబడి ఎన్ని మాటలైనా చెప్తావురా" అనేది ఆమె. అతను తల వంచుకుని వెళ్లిపోయేవాడు.

ఒక సంగతి మాత్రం మాల్‌సున్ ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం ఆమె ఆల్చిప్పల చారులో నూడుల్స్ వేసి, మొగుడు ఇంకా రాలేదని ఫోన్ చేసింది. "ఎక్కడ చచ్చావయ్యా, ఉబ్బిపోతున్నాయి, తొందరగా రా" అంది. అతను "ఆ, ఆ" అని పెట్టేశాడు. అప్పుడతను ఇంకా రోడ్డెక్కలేదని, టోఫూ కొట్టు దగ్గరే ఉండి ఉంటాడని తనకు తాను చెప్పుకుంది. ఆ తర్వాత నూడుల్స్ వండటం మానేసింది.

మార్చిలో గుడ్లమ్ముకునే కూ అనే అతను వచ్చాడు. అతను చిన్న లారీలో మైకు పెట్టుకుని "గుడ్లు వచ్చాయి, గుడ్లు!" అని ఊళ్లు తిరుగుతాడు, ఈ వీధికి నాలుగు నెలలకోసారి వస్తాడు. పసుపు గుడ్డ చూసి తారీఖు పోల్చుకున్నాడు. ఆ రోజు అతని లారీ అక్కడే ఆగి ఉంది. మర్నాడు ఇంకో ఊళ్లో ఎవరో లారీని గీరితే ఆ గొడవ కోసం లారీ కెమెరాలో చిప్పు తీసి దాచుకున్నాడు. ఇప్పుడు దాన్ని ఫోనులో పెట్టి ఆమె చేతికిచ్చాడు.

"నేను చూశానక్కా. నువ్వూ చూడు. ఇమ్మంటే పోలీసులకిస్తా. వద్దంటే నా దగ్గర ఏమీ లేదు, నేను గుడ్లమ్ముకునేవాణ్ని" అన్నాడు. ఆ మాట ఆమె ముఖం చూడకుండానే అన్నాడు.

బొమ్మలో దొక్సు వచ్చాడు. హ్యాండిల్‌కి టోఫూ సంచి వేలాడుతోంది. గీతల ముందు ఆగి దిగాడు. కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు, పిల్లలకి చూపించినట్టే. సైకిల్ నడిపించుకుంటూ మూడడుగులు వేశాడు.

"చూశావా! దిగాడు! దిగాడయ్యా మా ఆయన!" అని మాల్‌సున్ కూ భుజం పట్టుకుని ఊపేసింది.

బొమ్మలో దొక్సు రోడ్డు మధ్యలో ఆగాడు. జేబులోంచి ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. నవ్వాడు. ఫోన్ జేబులో వేసుకుని, అటూ ఇటూ చూడకుండా, సైకిలెక్కాడు. తర్వాతిది చూడక్కర్లేదని కూ చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆమె అరుగు మీద కూర్చుండిపోయింది. వద్దు అంటే చాలు. దిగు తాత దిగు తాతగానే ఉంటాడు, ఆ ఫోను మాట కూడా బయటపడదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆదివారాలు వరండాలో పెట్టిన డబ్బాలు కళ్లముందు కనిపించాయి. ఆ పిల్లాడు నాలుగు నెలలు నిజం చెప్తూనే తిట్లు తిన్నాడు.

"పద తమ్ముడూ, స్టేషను మూసెయ్యరుగా" అని లేచింది.

పోలీసులకి చిప్పు ఇప్పించి, తను చేసిన ఫోను సంగతి కూడా చెప్పింది. తిరిగొస్తూ కత్తెర తెచ్చుకుని పసుపు గుడ్డ తనే కోసి, మడిచి, యోమ్ లాండ్రీ బల్ల మీద పెట్టింది.

"నువ్వు అబద్ధం ఆడలేదు నాయనా. నన్ను ఏమైనా అను."

అతను గుడ్డ పట్టుకుని బల్ల వెనక కూలబడి ఏడ్చాడు. ఆమెకి ఏం చెయ్యాలో తోచక అతని తల మీద చెయ్యి పెట్టింది.

ఆసుపత్రికి వెళ్లేసరికి పొద్దు వాలుతోంది. దొక్సు రెప్పలార్పుతున్నాడు. ఆమె మంచం మీదికి వంగి, అతని చెవి దగ్గర నోరు పెట్టింది.

"నువ్వు దిగావయ్యా. అందరూ చూశారు, నువ్వు దిగే నడిచావు" అంది. దుప్పటి అతని భుజాల దాకా లాగి, "మళ్లీ ఎక్కించింది నేను" అంది.