పేరు ముందు జాగా

నాకు రాయడం కొత్త. మూడో తరగతితో బడి మానేశాను. ఒత్తులు, దీర్ఘాలు తప్పిపోతే ఏమనుకోకండి. ఈ పొద్దున కోడలు చింతపండుతో ఇత్తడి చెంబు తోముతుంటే ఆ పుల్లటి వాసనకు చంద్రయ్య కాక గుర్తొచ్చాడు. ఆయనను ఎరిగినవాళ్లు పటాన్‌చెరులో ఇప్పుడు ఎవరూ లేరు. అందుకే భయపడుతూనే రాస్తున్నాను.

డెబ్బై ఒకటో, రెండో, సరిగ్గా గుర్తు లేదు. కాక బజారులో గిన్నెల దుకాణం అరుగు మీద కూర్చుని, కొన్నవాళ్ల పేర్లు గిన్నెల మీద ఉలితో చెక్కి, చింతపండుతో తోమి ఇచ్చేవాడు. అప్పుడప్పుడే ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. చదువు లేదని నన్ను గేటు దగ్గరే తిప్పి పంపారు. పెళ్లయి ఏడాదైంది, ఇంట్లో పొయ్యి వెలగాలి. వెళ్లి కాక దగ్గర కూర్చున్నాను.

"నాకు అచ్చరాలు సక్కగ రావు కాకా."

"మంచిదే. సదివేటోడు తొందరపడ్తడు. నువ్వు ముగ్గు లెక్క సూడు. గీత ఎటు వోతే ఉలి అటు వోవాలె."

నెలల తరబడి పాత రేకు ముక్కల మీదే కొట్టించాడు. ఉలి జారి బొటనవేలు తెగితే, "గిన్నెల మీద రక్తం పడనియ్యకు, షావుకారి తిడ్తడు" అని నవ్వుతూనే తన రుమాలు చింపి కట్టేవాడు. అసలు గిన్నె మాత్రం ముట్టనిచ్చేవాడు కాదు. "రేకు మీద తప్పు వోతే పారేస్తం. మంది పేరు మీద తప్పు వోతే ఏడ పారేస్తవ్‌రా?" అనేవాడు.

కాకకు ఒక్కడే కొడుకు, వెంకటేశం. ఫ్యాక్టరీలో పని. షిఫ్టు దిగి వస్తూ అరుగు దగ్గర సైకిల్ ఆపి, "ఏం సాయిలన్నా, ఇంకా రేకులేనా? మా బాపు నిన్ను ముసలోణ్ని చేస్తడు" అని నన్ను ఏడిపించేవాడు. ఒక వానాకాలం, ఆ సైకిల్ మీద వస్తుంటేనే బొంబాయి రోడ్డు మీద లారీ గుద్దింది. దవాఖానకు చేరకముందే పోయాడు.

దినాల నాడు చుట్టాలకు పంచడానికి ఇత్తడి చెంబులు తెచ్చారు. పోయినవాళ్ల పేరు చెక్కి పంచడం ఆనవాయితీ. వేరేవాళ్లతో చెక్కిద్దామని షావుకారి అంటే కాక వినలేదు.

"వాని పేరు నేనే పెట్టిన. నేనే కొడ్త."

సుద్దతో గీత గీసుకుని, ఒక్కో చెంబు మీద 'వెంకటేశం' అని చెక్కి పక్కన పెట్టాడు. నేను తుడుస్తూ చూశాను. ప్రతి చెంబు మీదా సుద్ద గీత మొదట్లో కొంచెం జాగా ఖాళీగా ఉంది. కీర్తిశేషులు అని తెలిపే 'కీ.శే.' అక్కడ ఉండాలి.

అన్నీ అయ్యాక ఉలి నా చేతిలో పెట్టాడు.

"ఆ రెండచ్చరాలు నువ్వు కొట్టు సాయిలూ. నాతోని అయితలేదు."

"నాకు రాదు కాకా. ఖరాబైతది."

"కానియ్. నేనిటు తిరుగుత."

గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. సుత్తె పడినప్పుడల్లా ఆయన వీపు అదిరేది. మొదటి చెంబు మీదే ఉలి జారి, గీత పేరు మధ్యలోకి పోయింది. ఏడుస్తూ చూపించాను. కాక వేలితో తడిమాడు. కోప్పడలేదు.

"ఇది ఎవ్వలకు ఇయ్యకు. ఇంట్లుంటది."

మిగతావి వంకరటింకరగానే పూర్తి చేశాను. ఒక మనిషి పేరు మీద నేను చేసిన మొదటి పని అది. ఆ తర్వాత కాక మళ్లీ అరుగు ఎక్కలేదు.

బతికున్నవాళ్ల పేరు చెక్కమంటే, ముందు ఒక చిన్న పువ్వు చెక్కి ఆ జాగా మూసేశాకే నేను పేరు మొదలుపెడతాను. పువ్వెందుకని ఎవరైనా అడిగితే, అందానికి అంటాను.

ఇంతకంటే రాయడం నాకు చేతకాదు. ఎక్కడైనా అక్షరం వంకరపోయి ఉంటే మీరే సరిచేసుకుని చదవండి, నన్ను మన్నించండి.