దుకాణం ముందు రెండు విస్తళ్లు

నేను క్షమించే మనిషిని కాను. ఈ మాట ముందే చెప్పేస్తే చదివేవాళ్లకు పని తేలికవుతుంది. నన్నెవరైనా ఒక మాటంటే విని ఊరుకోగలను. మా ఇంటివాళ్లను అంటే మాత్రం ఆ మాట నా కడుపులో నిప్పుకణికలా ఉండిపోతుంది. నల్గొండలో కుక్కల తిండి అమ్మే ఒక సేటు మా అత్తమ్మను ఒక మాట అన్నాడు. ఆ మాటను ఆయన నోటితోనే వెనక్కి తీయించాను.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు మా ఇంటికి కుక్క వచ్చింది. మా ఆయన నందికొండలో సాగర్ డ్యామ్ మీద ఉద్యోగి, వారానికోసారి ఇంటికొస్తాడు. ఆయనతో పనిచేసే ఒకాయన బదిలీ మీద పోతూ తన లాబ్రడార్ పిల్లను మాకిచ్చిపోయాడు. బిస్కెట్ రంగు, పెద్ద పెద్ద కాళ్లు, ఎవరిని చూసినా తోక ఊపడమే. మా అత్తమ్మది కట్టంగూర్ దగ్గర వ్యవసాయం చేసే ఇల్లు. చేను కావలికి కుక్కలను పెంచిన మనిషి. దీన్ని చూసి పెదవి విరిచింది.

“గింత ముద్దుల కుక్క దొంగొస్తె ఏం జేస్తది? కాళ్లు నాకుతది.”

నెల తిరక్కుండానే అది ఆమె ఒడిలో పడుకోవడం మొదలుపెట్టింది. ఆమె దాన్ని ‘బిడ్డా’ అనేది. నన్ను కూడా బిడ్డా అనే పిలిచేది కాబట్టి ఒక్క పిలుపుకు ఇద్దరం పలికేవాళ్లం.

పొద్దున్నే దాన్ని కాలేజీ గ్రౌండ్‌కు తీసుకుపోయేదాన్ని. అక్కడ కుక్కలున్నవాళ్లందరం ఒక జట్టు. ఒకరి పేరు ఒకరికి తెలియదు కానీ ఒకరి కుక్క విరేచనం ఎట్లా ఉందో అందరికీ తెలుసు. ఎర్ర సంచి తిండి పెడితే గ్యాస్ వస్తుందని ఒకాయన. నీలం సంచి పెడితే దురద పుట్టి బొచ్చంతా ఊడిందని ఒకామె. సముద్రపు చేపతో చేసింది మంచిదని ఒక లెక్చరర్ గారు, ఆయన కుక్క మాత్రం దాన్ని వాసన చూసి ఆయన బూట్లు కొరికేది. నేను అన్నీ విన్నాను, అన్నీ తెచ్చాను. ఒక్కోటి పెట్టి దాని కళ్లు, చర్మం, విరేచనం అన్నీ చూసుకుంటూ పోయాను. మా పెళ్లిచూపుల్లో కూడా నేను అంత పరీక్షగా ఎవరినీ చూడలేదు. చివరికి ఆకుపచ్చ సంచి దానికి పడింది. గొర్రె మాంసం, బియ్యం అని సంచి మీద బొమ్మ.

అత్తమ్మకు చదువు రాదు. సంచి వెనకాల ఏం రాసిందో చదివి చెప్పమంది.

“ముందుగాల ఏమున్నది?”

“మక్కలు, అత్తమ్మా.” మొక్కజొన్నే మొదటిది.

“మక్కలా? గొర్రె ఏది మరి?”

“గొర్రె నాలుగోది.”

“సంచి మీద గొర్రె, లోపట మక్కలు. గీ మక్కలు మన చెల్కల లేవా? అవి కోళ్లు తింటయ్.”

ఆ తర్వాత మా ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. పొద్దున సంచి గింజలు నావి. సాయంత్రం జొన్న రవ్వతో కాచిన గట్క ఆమెది, దాంట్లో ఎముకలు మరిగించిన బొక్కల చారు పోసి, చల్లార్చి, వేలు పెట్టి వేడి చూసి మరీ పెట్టేది. గ్రౌండ్‌లో ఈ సంగతి చెబితే కొందరు నవ్వారు. నవ్వినవాళ్ల కుక్కల కంటే మాదాని బొచ్చు నిగనిగలాడేది, అందుకని నేను పట్టించుకోలేదు.

గింజలు కొనేది నేను పనిచేసే ఆఫీసు వెనక సందులో ఉన్న దుకాణంలో. ఒకప్పుడు ఆ సేటు కోళ్ల దాణా ఒక్కటే అమ్మేవాడు. ఊళ్లో కుక్కలు పెరిగేసరికి బోర్డు మార్చి, గాజు అద్దాలు పెట్టించి, కుక్కల తిండి కూడా తెచ్చాడు. సంచి విప్పి లూజుగా తూకం వేసి ఇచ్చేవాడు. మేమందరం అట్లాగే కొనేవాళ్లం. మా వైపు మనుషులం కుట్టిన సంచిని ఎందుకో నమ్మం. బియ్యమైనా పప్పైనా చెయ్యి పెట్టి తీసి, అరచేతిలో వేసుకుని, కొరికి చూస్తేనే మాకు తృప్తి. నేను కుక్క గింజను కూడా రెండు మూడుసార్లు కొరికి చూశాను. ఉప్పు తక్కువ.

ఆ ఏడు వానలు విడవకుండా పడ్డాయి. వానలు తెరిపిచ్చిన తర్వాత తెచ్చిన గింజలను మాది ముట్టలేదు. గిన్నె దగ్గరికి వచ్చి, వాసన చూసి, నా ముఖం చూసేది. గారం ఎక్కువైందనుకుని వాటి మీద అత్తమ్మ చేసిన చారు పోశాను. నా మీద నమ్మకంతో తిన్నది. వారం గడిచేసరికి కక్కడం మొదలైంది. తర్వాత కళ్లు పచ్చబడ్డాయి.

దాన్ని ఆటోలో పశువుల దవాఖానకు తీసుకుపోతూ దారిలో దుకాణం ముందు ఆపించాను. అత్తమ్మ ఒడిలో అది ఒగరుస్తూ ఉంది. గింజల్లో ఏమైనా తేడా ఉందా, ఇంకెవరైనా చెప్పారా అని అడిగాను. అప్పుడు దుకాణంలో గ్రౌండ్‌కు వచ్చేవాళ్లు ముగ్గురు నలుగురు ఉన్నారు. వాళ్లందరి ముందు సేటు ఆటోలోకి తొంగి చూసి గట్టిగా అన్నాడు.

“మేడం, మీరే చెప్తిరి కదా ముసలమ్మ గట్క పెడ్తదని, బొక్కలు పెడ్తదని. గవ్వి కుక్కలు తినేటియేనా? తెల్వని మనుషుల చేతికిస్తె గిట్లనే సంపుతరు.”

కుక్క తల నిమురుతున్న అత్తమ్మ చెయ్యి ఆగిపోయింది.

దవాఖానలో డాక్టరు దాని చిగుళ్లు చూసి, కడుపు నొక్కి చూసి, నన్ను అడిగాడు. “దీని తిండి యాడన్న తడిసిందా? మక్కలకు బూజు పడితే గది విషం. లివరు, కార్జం ఖరాబైతది.”

“ఎండబెడితే?”

“ఎండబెడితే బూజు కనవడది గంతే. విషం యాడికి పోతది?”

నేను ఎండ మాట ఎత్తింది ఆఫీసు కిటికీ గుర్తొచ్చి. వానలు ఆగిన రోజుల్లో పై అంతస్తులో చాయ్ తాగుతూ కిందికి చూస్తే, సేటు తన స్లాబు మీద టార్పాలిన్ పరిచి, గోధుమరంగు గింజలు ఆరబోసి, వడ్లకు చేసినట్టు కాలితో సాళ్లు తీస్తూ కనిపించాడు. కోళ్ల దాణా అనుకున్నాను.

కుక్క మర్నాడు అత్తమ్మ ఒడిలోనే పోయింది. కట్టంగూర్ తీసుకుపోయి మా మెట్ట చెల్కలో బొంద పెట్టి వచ్చాం. డాక్టరు మాట ఎన్నిసార్లు చెప్పినా అత్తమ్మ తలకెక్కలేదు. “నన్ను జూసి గట్ల చెప్తున్నవ్ బిడ్డా. ఆఖరుకు గది తిన్నది నా గట్కనే” అనేది. పొయ్యి మీద జొన్నల కుండ బోర్లించేసింది. తానూ సరిగ్గా తినడం మానేసింది. డెబ్బై ఏళ్ల మనిషి, జీవితమంతా పశువులకూ మనుషులకూ తిండి పెట్టిన చెయ్యి, ఆ చేతిని చూసుకుని ఏడ్చేది. అది చూసినప్పుడల్లా ఆ సేటు గాజు అద్దాలు పగలగొట్టాలని నాకు చేతులు దురద పెట్టేవి.

బొంద పెట్టిన మర్నాడే దుకాణానికి పోయి మంచిగానే అడిగాను. స్లాబు మీద ఆరబోసినవి ఏమిటని. “కోళ్ల దాణా మేడం” అన్నాడు, కళ్లు తిప్పుకోకుండా. నా పక్కనే నిలబడ్డ, గ్రౌండ్‌కు వచ్చే ఒకాయన కుక్క కూడా అప్పటికి కక్కుతూ ఉంది. ఫిర్యాదు చేద్దామని ఆయన అన్నాడు. చేయొచ్చు. ఎవరో వచ్చి ఏదో రాసుకుపోతారు. దానితో మా అత్తమ్మ అన్నం తింటుందా? నాకు కావలసింది ఆ నోరు. ఏ నోటితో ఆ మాట అన్నాడో ఆ నోరు, ఆ సందులోనే, నలుగురి ముందు.

ఆ రాత్రి అత్తమ్మ, తెల్లారితే మూడోనాడు, పిట్టకు పెట్టాలంది. మా వైపు మనిషి పోతే మూడోనాడు ఆ మనిషికి ఇష్టమైనవి వండి బొంద దగ్గర పెడతారు. కాకి వచ్చి ముట్టేదాకా ఇంటివాళ్లు కదలరు, ముద్ద తినరు. ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో అసంతృప్తి ఉన్నట్టు. అప్పుడు ఒక్కొక్కరూ ముందుకొచ్చి తమ మనసులోది చెప్పుకుని మొక్కుతారు. కాకిని అదిలించడం మాత్రం మహాపాపం. కుక్కకు ఎవరు పెడతారని మా ఆయన ఫోన్లో అంటే, “నా ఒళ్లె పాణం ఇడిసింది, నేను పెడ్త” అని మాట తుంచేసింది.

“అత్తమ్మా, దుకాణం ముందు పెడదాం” అన్నాను.

పద్ధతుల దగ్గర ఆమె వెంట్రుకంత కూడా తప్పదు.

“బొంద కాడ పెట్టుడు మన తీరు.”

“దానికి నిజంగా బొంద తీసింది ఎక్కడ?”

ఆమె నన్ను తేరిపార చూసింది. లేచి పోయి జొన్నల కుండ కడిగింది.

ఆ మూడోనాడు ఆదివారం. సందు నిండా జనం. దుకాణం మెట్ల ముందు నీళ్లు చల్లి రెండు విస్తళ్లు వేశాం. ఒకదాంట్లో గట్క, ఉడికిన బొక్క. రెండోదాంట్లో ఆ సేటు దగ్గర కొన్న గింజలు, మా ఇంట్లో మిగిలినవి. అగరొత్తి వెలిగించి అత్తమ్మ గోడవారగా కూర్చుంది. నేను ముందే గ్రౌండ్ వాళ్లకు చెప్పి ఉంచాను, వాళ్లు కుక్కలను పట్టుకుని వచ్చి నిలబడ్డారు. ఇది ఏమిటని ఎవరూ అడగలేదు. నల్గొండలో విస్తరి, అగరొత్తి, పైకి చూసే ముఖాలు కనిపిస్తే పసిపిల్లలకు కూడా సంగతి తెలుస్తుంది. కూరగాయలు అమ్మేవాళ్లు కూడా గంపలు దించి నిలబడ్డారు.

సేటు బయటికి వచ్చాడు. గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టుకునే మనిషి. విస్తళ్లు చూసేసరికి ఆయన ముఖంలో నెత్తురు లేదు.

“మేడం, గిదేంది? యాపారం జేసుకునే జాగల గీ అపశకునం ఏంది?”

నేను కాదు, అత్తమ్మ చెప్పింది. “నువ్వేం ఫికర్ జేయకు సేటూ. నేను సంపిన్నో, ఎవలు సంపిండ్రో, పిట్ట జెప్తది.”

కాకులు దుకాణం ఎదురుగా తీగల మీదికి చేరాయి. ఒకటి దిగింది. అటూ ఇటూ గెంతి, గట్క విస్తరిలో ముక్కు పెట్టింది. తర్వాత ఇంకొకటి వచ్చి బొక్కకున్న తునక లాక్కుపోయింది. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కానీ ఈ ఏడుపు వేరు, నాకు తెలుసు.

రెండో విస్తరిని ఏ కాకీ ముట్టలేదు. ఒకటి పక్కకొచ్చి, మెడ వంచి చూసి, ఎగిరిపోయింది. జనంలో గుసగుసలు లేచాయి. ఎండ మెట్ల మీదికి పాకింది. సేటు లోపలికి పోతాడు, మళ్లీ వస్తాడు, గల్లా దగ్గర కూర్చుంటాడు, లేస్తాడు. కొనడానికి ఒక్కరూ మెట్లెక్కలేదు. విస్తళ్లు దాటి లోపలికి ఎవరు పోతారు? నేను ఆయన ముఖం మీది నుంచి చూపు తిప్పలేదు. నిజం చెప్పాలంటే నాకు ఆ ఎండ హాయిగా ఉంది.

కూరగాయలామె చివరికి అనేసింది. “దానికి బాకీ వడ్డోళ్లు ఎవలో ఉన్నరు. వచ్చి చెప్పుకోరాదుండ్రి, పొద్దు వోతాంది.”

గ్రౌండ్ వాళ్లు ఒక్కొక్కరే వచ్చి మొక్కారు. లెక్చరర్ గారు కూడా బూట్లు విప్పి మొక్కారు. కాకి కదల్లేదు. ఇంక మిగిలింది ఎవరో అందరికీ తెలుసు, అందరూ అటే చూస్తున్నారు. సేటు చెప్పులు గుమ్మంలో విడిచి వచ్చి విస్తరి ముందు గొంతుకూర్చున్నాడు.

“గోదాం కురిసి సంచులు తడిసినయ్” అన్నాడు. గొంతు లేవడం లేదు.

“ఇనవడ్తలేదు” అన్నాడు వెనక నుంచి ఎవరో.

“తడిసినయ్! వడ్లు తడిస్తె ఆరబోసుకోమా? గట్లనే స్లాబు మీద ఆరబోసి అమ్మిన. విషమైతదని నాకు తెల్వది. అవ్వ గట్కల ఏం తప్పు లేదు, నేనే ఉత్తగ అన్న. జర ముట్టు తల్లీ, ముట్టు.”

వడ్లు తెలిసిన మనిషి గింజలు ఆరబోశాడు, తెలియక చేశాడు, సరే. కానీ తెలిసే అబద్ధమాడాడు. తెలిసే ఆ ముసలి మనిషి నెత్తిన చావు పెట్టాడు. ఆయన వంగిన వీపు చూసి జాలి వస్తుందేమోనని ఒక్క నిమిషం ఆగి చూసుకున్నాను. రాలేదు.

అప్పుడే తీగ మీది కాకి ఒకటి దిగింది. గెంతుకుంటూ నేరుగా రెండో విస్తరి దగ్గరికి వచ్చింది. సేటు రెండు చేతులూ జోడించాడు, ఆయన ముఖంలో అప్పుడే వెలుగు వస్తూ ఉంది. కాకి గింజ మీదికి ముక్కు వంచింది.

నేను నా కాలి చెప్పు తీసి దాని మీదికి విసిరాను.

కాకి అరుచుకుంటూ లేచిపోయింది. సందంతా ఒక్కసారి “అయ్యో” అంది. “ముట్టనియ్యకపోతిరి మేడం” అని సేటు లబోదిబోమన్నాడు. ఆ విషం ఇంకో ప్రాణి నోట్లోకి పోనివ్వను, ఆ వెలుగు నీ ముఖంలోకి రానివ్వను అనుకున్నాను, పైకి అనలేదు. చేసింది ఎంత పెద్ద తప్పో తెలుసు కాబట్టి అత్తమ్మ తిట్లకు సిద్ధపడి ఆమె వైపు తిరిగాను.

కాకి మళ్లీ దుకాణం బోర్డు మీద వాలి విస్తరి వైపే చూస్తూ ఉంది. అత్తమ్మ దాన్ని చూసింది, సేటును చూసింది. గోడ పట్టుకుని లేచి, తన కాలి చెప్పు విప్పి నా చేతిలో పెట్టింది.