కాళ్లతో చదివినవాడు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది హాస్టల్లో నా గదికి వచ్చినవాడు ఎమ్మిగనూరు నేతగాడు. తండ్రి పోవడంతో ఇంటరు మధ్యలో వదిలేసి, గుంటలో కూర్చుని కాళ్లతో తొక్కుతూ నేసే గుంటమగ్గంలో దిగాడట. తమ్ముడు చేతికందాక మళ్లీ కాలేజీలో చేరాడు. మగ్గం వదిలినా అలవాటు వదల్లేదు. పుస్తకం తెరిస్తే చాలు, కాళ్లు రెండూ మార్చి మార్చి నేలను తొక్కేవి. చరిత్రకు మెల్లగా, ఇంగ్లీషుకు దడదడా. కింది గదివాళ్లు రోజూ దెబ్బలాటకొచ్చేవారు.

"కాళ్లు నిల్చిపోతే బుర్ర గూడా నిల్చిపోతాదప్పా, నేనేం జేసేది?" అనేవాడు.

ఇంటరు పరీక్షనాడు ఆ చప్పుడుకు మా చరిత్ర మాస్టారు మండిపడి, "ఆపు!" అన్నారు. కాళ్లు ఆగాయి. కలమూ ఆగింది. చెమటలు కక్కుతూ కాగితం వంక చూస్తూ కూర్చున్నాడు. ఈసారి తప్పితే ఇంట్లోవాళ్లు మళ్లీ పంపరని నాకు తెలుసు.

మాస్టారు కాసేపు చూసి, తన ఉత్తరీయం మడిచి అతని కాళ్ల కింద పరిచారు.

"నేసిన గుడ్డను తొక్కేదెట్ల సార్?" అన్నాడు బెదిరిపోయి.

"తొక్కకుంటే తప్పుతావు. తొక్కప్పా!"

తొక్కాడు. గట్టెక్కాడు.

ఫలితాలొచ్చాక స్వయంగా నేసిన కొత్త ఉత్తరీయం తెచ్చి మాస్టారి చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని విప్పి చూసి, "ఇది నేసేటప్పుడు ఏం చదివినావప్పా?" అని అడిగారు.

"బీయే పుస్తకం సార్."