కంపెనీ వారు నాకు చదువు నేర్పిన వైనం

ఆ రోజుల్లో నాకు కోపం ఇప్పటికన్నా తొందరగా వచ్చేది. ఆ రోజులంటే మరీ రేడియో కాలం అనుకునేరు, నాలుగైదేళ్ల కిందటి మాటే. అరవై ఆరేళ్ల పడుచుతనం నాది. సైకిల్ షాపు మా అబ్బాయికి అప్పజెప్పి, పొద్దున్నే తిరువూరులో మా పేట పఠన మందిరానికి పోయి, పేపరు మొదటి అక్షరం నుంచి టెండరు ప్రకటనల దాకా చదివి, ప్రభుత్వాన్నీ ప్రతిపక్షాన్నీ వాతావరణ శాఖనూ సమానంగా తిట్టి, భోజనం వేళకు ఇంటికి చేరేవాణ్ని. ("ఆ తిట్టేదేదో అక్కడే తిట్టి రండి, ఇంటికి మోసుకురాకండి" అనేది మా ఆవిడ.) అలా తిట్టే హక్కు నాకుందని నా నమ్మకం. ఎందుకంటే నేను బడి గడప తొక్కలేదు. మా నాన్న షాపులో పంక్చర్లు వేస్తూ, పక్క కొట్లో వేరుశనక్కాయలు కట్టిచ్చిన పొట్లం కాగితాలు విప్పి చూస్తూ, ఇదేం అక్షరం, అదేం అక్షరం అని గాలి కొట్టించుకోడానికి వచ్చినవాణ్నల్లా పీడించి నేర్చుకున్న చదువు నాది. సగం కథ నా పొట్లంలో ఉంటే మిగతా సగం ఎవరో తిని పారేసిన పొట్లంలో ఉండేది. వెతుక్కుని చదివేవాణ్ని. అందుకే నా చదువు జోలికి ఎవరైనా వస్తే ఊరుకునేవాణ్ని కాదు.

మా పఠన మందిరం అంటే ఒక గది, నాలుగు బీరువాలు, రెండు బల్లలు, చిల్లులు పడ్డ రేకుల కప్పు. వానొస్తే బీరువాల మీద పరదాలు కప్పి, మేము గొడుగులు వేసుకుని పేపరు చదివేవాళ్లం. వచ్చే వానాకాలం లోపు కప్పు మార్చకపోతే గదికి తాళమేనని కమిటీ వాళ్లు తేల్చేశారు. అలాంటి సమయంలో హైదరాబాదు నుంచి ఒక పెద్ద కంప్యూటర్ల కంపెనీ మా మీద దయతలచింది. లాభాల్లో కొంత జనం కోసం ఖర్చుపెట్టాలని కంపెనీలకు చట్టం ఉందట, దాన్ని సీఎస్సార్ అంటారట. (చట్టం పెడితే గానీ దయ కలగదా అని నేను అడిగాను. "నువ్వు అడక్కు, రేకులు రానీ" అన్నాడు మందిరం చూసుకునే తాళాల మాస్టారు.) చదువు రాని పెద్దవాళ్లకు ట్యాబుల మీద చదువు చెప్పడం వాళ్ల పథకం. మా గదిలో క్లాసు నడుస్తుంది, వాళ్ల పెద్దసారు వచ్చి చూస్తాడు, నచ్చితే కొత్త కప్పు వేయిస్తాడు.

క్లాసు చెప్పడానికి విస్సన్నపేట నుంచి ఒక అమ్మాయి వచ్చేది. బక్కపల్చటి పిల్ల, గొంతు మాత్రం కండక్టరుకుండాల్సినంత. నేర్చుకునేవాళ్లంతా మామిడి తోటల్లో కూలికి పోయే ఆడవాళ్లు. పొద్దుగూకాక ఇంటికొచ్చి, వంట చేసుకుని అప్పుడొచ్చేవాళ్లు. అంతా బాగానే సాగుతుండగా పెద్దసారు కబురు పెట్టాడు, పొద్దున పదకొండు గంటలకు వస్తున్నానని. కాయ కోతలు ముమ్మరంగా ఉన్న రోజులు. పదకొండు గంటలకు ఆ ఆడవాళ్లు చెట్ల కింద బుట్టల దగ్గరుంటారు గానీ ట్యాబుల దగ్గరెందుకుంటారు? అమ్మాయి ఫోన్లు చేసి చేసి, చివరికి గదిలో ఓ మూల కూర్చుని కళ్లు తుడుచుకుంది. అప్పుడు తాళాల మాస్టారు, పేపరు కోసం వచ్చిన మా ముసలాళ్ల గుంపు వంక ఒక రకంగా చూశాడు.

"ఒక్క గంట. చదువు రానట్టు కూర్చోండయ్యా" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "ఎవరు? నేనా? నేను చదువు రానట్టు కూర్చోవాలా?"

"నువ్వు అన్నీ వచ్చినట్టు కూర్చుంటే రేకులు రావు" అన్నాడాయన.

నా పక్కన మిషను భాయి ఉన్నాడు. టైలరు. నలభై ఏళ్ల స్నేహం మాది. "కూర్చో అన్నా. వానాకాలం నీ ఇంట్లో పేపరు చదువుకుందామంటే వదిన రానిస్తదా?" అన్నాడు. అది మాత్రం నిజం. కూర్చున్నాను, పళ్లు నూరుకుంటూ.

చదువు రానట్టు కూర్చోవడం ఎంత కష్టమో మీలో ఎవరికీ అనుభవం ఉండదు. అక్షరం కనిపిస్తే కన్ను ఆగదు. గోడ మీద "నిశ్శబ్దం పాటించండి" అని ఉంది, అప్పటికి వెయ్యిసార్లు చదివుంటాను, ఆ రోజు మళ్లీ చదివాను. "ట్యాబు తలకిందులుగా పట్టుకోమంటావా అన్నా?" అని భాయి అడిగితే, "చదువు రాకపోతే బొమ్మ కూడా కనపడదా ఏంటి, తిన్నగా పట్టుకో" అని కసిరాను. సారు వచ్చాడు. నలభై లోపే ఉంటాడు, మెత్తని మనిషి, ఎండకి టమాటాలా అయిపోయాడు. వెంట ఒక ఫొటో కుర్రాడు. అందరం "అ, ఆ" అన్నాం. నేను "ఇ" దగ్గర కొంచెం తడబడ్డాను కూడా, సహజంగా ఉండాలని. సారు ముచ్చటపడ్డాడు. అక్కడితో లేచిపోతే సరిపోయేది. కానీ అతిథికి మర్యాద చేయాలని తాళాల మాస్టారు మిరపకాయ బజ్జీలు తెప్పించాడు.

బండివాడు పేపరు చింపి ఒక్కొక్కరికీ వేరువేరుగా పొట్లం కట్టాడు. నేను బజ్జీ బుగ్గన పెట్టుకున్నాను, కాగితం సాపు చేశాను. అందులో ఒక వార్త. ఎక్కడో ఇద్దరు మనుషులు ఒకే గేదె నాదంటే నాదని స్టేషన్‌కెక్కారు. ఎస్సై గారు గేదెను వదలండి, ఎవరింటికి పోతే వాళ్లదే అన్నాడు. ఊరంతా వెంట నడిచింది. గేదె నేరుగా... అక్కడ చిరిగిపోయింది.

"భాయ్! నీ పొట్లం చూడు, గేదె ఉందేమో!" అన్నాను.

"నా దాంట్లో బంగారం ధరలున్నాయన్నా."

"ఇటు, ఇటు! నా దగ్గరుంది!" అని కిటికీ దగ్గర నుంచి ఒక ముసలాయన గొంతెత్తి చదివాడు. "'...స్టేషను వెనకున్న ఎస్సై గారి క్వార్టర్సులోకి పోయి, పెరట్లో అరటి మొక్కలు మేయసాగింది.'"

గది గొల్లుమంది. "మరి గేదె ఎవరిదన్నట్టు?" అని భాయి, "కింద చదవండి, కింద చదవండి" అని ఇంకొకాయన. మేమంతా నూనె కాగితాలు మార్చుకుంటూ, కిటికీ వెలుతురు వైపు ఎత్తి చూస్తూ ఉండగా ఫొటో కుర్రాడు టపటపా ఫొటోలు కొట్టేశాడు. అమ్మాయి ముఖం పాలిపోయింది. సారు మాత్రం లేచి నిలబడ్డాడు, కళ్లు చెమర్చాయి.

"మూడు నెలల్లో! మా ట్యాబుతో మూడు నెలల్లో ఇంత నేర్చుకున్నారా!"

రేకులు వచ్చేసినట్టే. నోరు మూసుకుంటే చాలు. కానీ ట్యాబు అన్న మాట నా చెవిలో పడింది. "ట్యాబా?" అని లేచాను. "అయ్యా, నాకు చదువు నేర్పింది పంక్చర్ల షాపు! పొట్లం కాగితాలు! మీ కంపెనీ పుట్టకముందు నుంచీ చదువుతున్నాను!" అని మొదలుపెట్టి మొత్తం కక్కేశాను. తాళాల మాస్టారు తల పట్టుకున్నాడు. "దారమూ సూదీ జేబులోనే ఉన్నయ్, నీ నోరు కుట్టి కూర్చోబెట్టాల్సింది" అన్నాడు భాయి. వానాకాలం మొత్తం నా కళ్ల ముందు కురిసింది.

సారు అమ్మాయి వైపు తిరిగాడు. "మరి అసలైనవాళ్లు ఎక్కడ?" తోటల్లో సార్, చీకటి పడ్డాక వస్తారు, మీరు పగలు వస్తానంటే కాదనే ధైర్యం లేక... అని ఆ పిల్ల ఏడుస్తూనే చెప్పింది. ఆయన కారెక్కి వెళ్లిపోలేదు. బల్ల మీద కూర్చుండిపోయాడు, ఇంకో బజ్జీ తిన్నాడు. చీకటి పడ్డాక ఆడవాళ్లు వచ్చారు, చేతుల మీద మామిడి సొన మచ్చలతో. ఒక్కొక్కరే వేలు పెట్టి, తడుముకుంటూ, తమ పేర్లు చదివారు. గదిలో ఎవరూ నవ్వలేదు. నేనైతే ఆ "నిశ్శబ్దం పాటించండి" బోర్డును జీవితంలో మొదటిసారి పాటించాను. పది రోజుల్లో రేకులు దిగాయి.

రేకులతో పాటు ఒక పెద్ద ఫొటో కూడా దిగింది. అద్దం, ఫ్రేము, కంపెనీ గుర్తు. ఫొటోలో నేను. బజ్జీ బుగ్గన, నూనె కాగితం చేతిలో. కింద "మూడు నెలల్లో అక్షరాస్యుడైన తాతగారు" అని. సారుకు నిజం తెలుసు గానీ, ఫొటోలు చూసి రాసేవాళ్లు ఇంకెవరో హైదరాబాదులో కూర్చుని ఉంటారు కదా! నేను నాలుగు పేజీల ఉత్తరం రాశాను, వ్యాకరణ దోషం ఒక్కటి లేకుండా. "మీ అభినందనలకు కృతజ్ఞతలు" అని జవాబు వచ్చింది. ఇంకోటి రాశాను, నిప్పులు కక్కుతూ. దానికీ అదే జవాబు. ఫొటో దించేయమని రోజూ తాళాల మాస్టారితో గొడవపడేవాణ్ని. వచ్చినవాళ్లందరికీ నా పొట్లాల కథ మొదటి నుంచి చెప్పి గానీ వదిలేవాణ్ని కాదు.

కొత్త రేకులు పడ్డాక నేనూ భాయీ సాయంత్రాలు కూడా మందిరంలోనే కూర్చునేవాళ్లం. ఒక సాయంత్రం మా క్లాసుకు కొత్తగా ఒకావిడ వచ్చింది. గంపలగూడెం నుంచి షేర్ ఆటోలో వచ్చిందట, యాభై దాటిన మనిషి. లోపలికి రావడానికి సిగ్గుపడి గుమ్మం దగ్గరే నిలబడి, ఫొటో చూసి, నన్ను చూసి, "మీరేనా అండీ ఆయన?" అంది. "ఈ వయసులో నీకెందుకే చదువని ఇంట్లో నవ్వారండి. మా మనవరాలు ఫోనులో కంపెనీ వాళ్లు పెట్టిన మీ ఫొటో చూపించింది. ఆ పెద్దాయనకే వచ్చినప్పుడు నాకు రాదా అని బయల్దేరి వచ్చా. నిజంగానే వస్తుందంటారా?"

జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. పంక్చర్ల షాపు దగ్గర మొదలవుతుంది, ముప్పావుగంట పడుతుంది. నోరు తెరిచాను కూడా. మిషను భాయి పేపరు దించి, కళ్లజోడు పైనుంచి నన్నే చూస్తున్నాడు. ఆవిడ చెప్పులు ఇంకా గుమ్మం బయటే ఉన్నాయి, కాళ్లు సగం వాటి వైపే తిరిగి ఉన్నాయి.

"రోజూ వస్తే వస్తుందమ్మా" అన్నాను. "రా, కూర్చో."

ఆవిడ లోపలికి వస్తుంటే ఫొటో వంక చూశాను. బుగ్గ ఉబ్బించుకుని, కనుబొమలు ముడేసుకుని, ఇంకా ఎవరితోనో పోట్లాడుతున్నట్టే ఉన్నాడా పెద్దమనిషి. ఉండవయ్యా బాబూ, కాసేపు ఊరుకో, అని మనసులోనే అనుకుని, పేపరు మడిచి ఆవిడకు కుర్చీ కాస్త ముందుకు జరిపాను.