బాపు ఇంగ్లీషు నేర్చుకున్న ఏడాది

మొన్న సూర్యాపేటలో మా గేటుకు అడ్డంగా ఎవరో మోటారు సైకిలు పెట్టి పోతే, తిట్టుకుంటూ బయటికొచ్చిన నేను బండి ముందు 'అడ్వకేట్' అన్న ఎర్ర స్టిక్కరు చూసి ఆగిపోయాను. సాయానికి పిలిపించుకున్న మనిషి అని ఆ మాటకు లాటిన్‌లో అర్థమట. నా చిన్నప్పుడు బాపు, అంటే మా నాన్న, చెప్పాడు.

మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, నిజాం పాలన పోయిన కొత్తలో కోర్టు కచేరీల్లో ఉర్దూ వెనక్కి తగ్గి ఇంగ్లీషు ముందుకొచ్చింది. బాపు వకాలత్ అంతా ఉర్దూలోనే. మిర్యాలగూడలో వకీలైన మా మేనమామ నాలుగు ఇంగ్లీషు వాక్యాలు బట్టీపట్టి నెట్టుకొస్తుంటే, బాపు మాత్రం పుట్టుక తెలియని మాట నోట పలకనని మొండికేశాడు. లావుపాటి నిఘంటువు తెప్పించుకుని, 'వెర్డిక్ట్' అంటే నిజంగా పలికిన మాట అనీ, 'కోర్టు' అంటే మొదట్లో ప్రహరీ ఉన్న వాకిలి అనీ అన్నం దగ్గర మాకు చెప్పేవాడు. 'లూట్' అన్న మాటను తెల్లవాళ్లు మన దగ్గర్నుంచే ఎత్తుకుపోయారని తెలిసిన రోజు పొలమారేదాకా నవ్వాడు. అమ్మ నవ్వలేదు. కక్షిదారులు ఒక్కొక్కరే జారిపోతున్నారు, ఇల్లు గడిచేది ఆ వకాలత్ మీదే.

చివరికి మిగిలింది కోదాడ దిక్కు ముసలి రైతు ఒక్కడు. అతని మెట్ట చెలక దావా విచారణ రోజున బాపు ఇంగ్లీషులో మొదలుపెట్టి, పుట్టుక తెలిసిన మాటలు అయిపోగానే ఆగిపోయాడట. కొత్తగా వచ్చిన మున్సిఫుది బెజవాడ వైపు, ఉర్దూ రాదు. కచేరీ అంతా చూస్తుండగా వెనక నుంచి ఆ రైతు, "వకీల్ సాబ్, అందరం తెలుగోళ్లమే గదా, తెలుగుల చెప్పరాదుండ్రి. నాకు గూడ సమజైతది" అన్నాడట. మున్సిఫు నవ్వి, ఈ ఒక్కసారికి కానివ్వమన్నాడు.

చెలక రైతుకే దక్కింది. ఆ సంగతి బాపు తరువాతెప్పుడో చెప్పాడు. ఇంట్లో అడుగుపెట్టగానే అమ్మతో అన్నది మాత్రం, "ఇన్నేండ్లు వాదించిన గని, నేనేమంటున్ననో నా మనిషికి ఇయ్యాల్నే ఎరుకైంది" అని. అంటూ కళ్లు తుడుచుకున్నాడు. తరువాతి దావా నుంచి మళ్లీ ఇంగ్లీషే, అదీ మెల్లగా పట్టుబడింది, ఇల్లూ గడిచింది.

ఇప్పుడు మా మనవరాలు ఆ కచేరీలోనే ఇంగ్లీషులో ధారాళంగా వాదిస్తుంది. నాకెంతో గర్వం. ఆమె బయటికి రాగానే వరండాలో కాచుకున్న కక్షిదారులు మాత్రం చుట్టూ చేరి అడుగుతారు, "లోపల ఏమన్నవు బిడ్డా మా గురించి?" అని.