ఇంజిన్ డ్రైవరు గారి గది పడవ

1962లో ముత్తుకూరు దగ్గర ఉప్పుటేటి గట్టున నాకు పడవలు కట్టే కొట్టం ఉండేది. ఆ వేసవిలో బిట్రగుంట నుంచి డేనియల్ గారని, రిటైరైన రైలు డ్రైవరు ఒక కాగితం మీద పడవ బొమ్మ గీసుకుని వచ్చారు. పన్నెండడుగుల తెరచాప పడవ, అందులో ఆయనా భార్యా పడుకోవడానికి చిన్న గది. ఏటిని కలిసే కాలువ వెంబడి పులికాటు సరస్సు దాకా తీరిగ్గా తిరిగి రావాలని ఆయన కోరిక. బొమ్మ బాగానే ఉంది. ఒప్పుకున్నాను.

అక్కడి నుంచి నా పాట్లు మొదలు. వారానికోసారి రైలూ బస్సూ మారి వచ్చేవారు, వచ్చినప్పుడల్లా ఒక మార్పు. కూర్చుంటే తల తగులుతోందని గది కప్పు జానెడు లేపించారు. వంట సామానుకు అలమర పెట్టించారు. చివరికి నిలబడి ప్రార్థన చేసుకునేంత ఎత్తు కావాలన్నారు.

"పైన బరువు పెరిగితే పడవ ఒరిగిపోతుంది సార్. అడుగున బ్యాలస్ట్ వేయాల" అన్నాను. బ్యాలస్ట్ అంటే పడవ నిలకడ కోసం అడుగున పరిచే రాళ్లో, ఇనుమో.

"ముప్పై ఏళ్లు ఇంజిన్ నడిపినోణ్ణి. బరువు సంగతి నాకు చెప్తావా మేస్త్రీ? రాళ్లు మోసుకు తిరగడానికా నేను పడవ కట్టించుకునేది?"

మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ అదే జవాబు. విసుగెత్తిపోయింది. ఆయన ఖర్మ అనుకుని, అడిగినంత ఎత్తూ లేపి నోరు మూసుకున్నాను.

నీళ్లలోకి దింపిన రోజు ఆయన భార్య గట్టున నిలబడ్డారు. నేను చుక్కాని పట్టాను. ఆయన గదిలో నిలబడి కిటికీలోంచి ఆమెకు చెయ్యి ఊపుతున్నారు. ఏటి మధ్యకు పోగానే తూర్పు గాలి ఒక్క తోపు తోసింది. పడవ పక్కకు వాలి, మళ్లీ లేవలేదు. నేను నీళ్లలో పడ్డాను. ఆయన గదిలోనే ఉండిపోయారు. తలుపు తెరుచుకోలేదు. కాలితో తన్ని, పలక విరగ్గొట్టి, చొక్కా పట్టుకుని బయటికి లాగాను.

గట్టున ఉప్పునీళ్లు కక్కుకున్నాక ఆయన అడిగారు: "ఇట్టా అవుద్దని నీకు తెలుసునా?"

"తెలుసు సార్. మూడుసార్లు చెప్పినా గదా."

అప్పుడు ఆయన భార్య నా వైపు తిరిగారు. "ఈయన మాట వినడని నాకు పెళ్లైనకాడి నుంచి తెలుసు. నాకెందుకు చెప్పలేదు అబ్బయా? ఆ పడవలో నేనూ ఎక్కాల్సిందే గదా."

మర్నాడు పడవను గట్టుకు లాగించాను.

గది ఎత్తు సగానికి తగ్గించి, అడుగున రాళ్లు పరిచాను. ఈసారి కొలతలన్నీ ఆమె ఎదుటే తీశాను. వానలు తగ్గాక ఇద్దరూ పులికాటు పోయి వచ్చారు.

విసుగుతో తలూపడం కూడా తప్పుడు పనేనని అప్పుడు తెలిసింది. నిలవదని తెలిసిన పడవకు ఆ తర్వాత నేను మేకు కొట్టలేదు. కోపమొచ్చి వేరే మేస్త్రీని వెతుక్కున్నవాళ్లూ ఉన్నారు. వెళ్లనిచ్చాను.