పసుపు కారులో వడ్ల బస్తా

ఆ రోజుల్లో నాకు తెలియని స్పోర్ట్స్ కారు లేదు, నేను కూర్చున్న స్పోర్ట్స్ కారూ లేదు. ఏ కారు ఎన్ని సెకన్లలో వంద అందుకుంటుందో, ఏ కారు టైర్లు రేసు ట్రాక్ మీద ఎంత త్వరగా అరిగిపోతాయో, ఏ బ్రేకులు కాసేపటికే వేడెక్కి చేతులెత్తేస్తాయో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి (ఎవరూ లేపి అడగలేదనుకోండి). నా సొంత వాహనం మాత్రం నాన్న వాడి వదిలేసిన స్కూటరు. దాన్ని పక్కకు వంచి, బతిమాలి, ఆపైన తన్నితే గానీ కదిలేది కాదు. వరంగల్ సుబేదారిలో ఒక బీమా ఆఫీసులో చిన్న ఉద్యోగం, ఇంటికొచ్చాక ఫోనులో కార్ల వీడియోలు, అదీ నా లోకం. మరమగ్గాల షెడ్డులో సాంచా నడుపుతూనే నాన్న ఒక కన్ను నా ఫోను మీద వేసి, “గంటకు మూడు నూర్ల కిలోమీటర్లు పోయి ఏం జేస్తవ్‌రా? గా స్పీడుల కాజీపేట ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయిందో గూడ తెల్వది” అనేవాడు.

నా పాండిత్యానికి ఉన్న ఒకే ఒక్క భక్తుడు మా అక్క మొగుడు. ఆయనది ప్లాట్ల వ్యాపారం. ఆ ఏడు చేతిలో నాలుగు డబ్బులు ఆడేసరికి, సెకండ్ హ్యాండుదైనా సరే స్పోర్ట్స్ కారు కొనాలన్న పురుగు బుర్రలో దూరింది. హైదరాబాదులో ఒక కార్ల వ్యాపారి దగ్గర రెండు చూసి వచ్చాడు. ఒకటి పసుపుది, ఒకటి తెల్లది.

“బామ్మర్దీ, ఏది కొనాల్నో నువ్వే చెప్పాలె. నీ మాటే ఫైనల్” అన్నాడు.

“చెప్త గని బావా, కొనే ముందు ఒక్క రౌండ్ నాకియ్యాలె. ఫుల్ స్పీడ్‌ల.”

“ఒక్కటేంది, అలిసిపొయ్యేదాంక కొట్టు!”

ఆ ఒక్క రౌండు కోసం నేను ఐఏఎస్‌కు చదివినట్టు చదివాను. పసుపుది రెండు సీట్ల బండి. ఇంజను వెనకాల, బరువు తక్కువ, మలుపుల్లో చెప్పినట్టు వింటుంది. ట్రాక్ మీద దానికి తిరుగులేదు. కానీ సర్వీసుకు హైదరాబాదు పరుగెత్తాలి, చిన్న పార్టు పోయినా సముద్రం దాటి రావాలి. తెల్లదానికి బలం ఎక్కువ, వెనక పేరుకు రెండు సీట్లున్నాయి, ఊళ్లో తిరగడానికీ పనికొస్తుంది. అయితే ఆ బరువుతో ట్రాక్ ఎక్కితే టైర్లూ బ్రేకులూ పేలాల్లా ఖర్చయిపోతాయి. బీమా ఎంతవుతుందో లెక్క వేయించబోతే మా మేనేజరు కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశాడు. అన్నీ తూచి నేను పసుపుదానికే ఓటేశాను. రౌండు నాది, ఖర్చు బావది, ఇంక ఆలోచన దేనికి?

“అంతా మంచిగనే ఉంది గని, ట్రాక్ ఏడుందిరా మనకు?” అన్నాడు బావ.

“కోయంబత్తూర్ల ఉంది బావా.”

“గంత దూరమెందుకు? ఘన్‌పూర్ కాడ మన వెంచర్ లేదా! ఇల్లు లేదు, మనిషి లేడు. రోడ్డు సూస్తే అద్దమే.”

నిజమే. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర పొలాల మధ్య బావ వేసిన వెంచరది. పెద్ద ఆర్చి, చుట్టూ తిరిగొచ్చే నున్నటి తారు రోడ్డు, ఆ చివర ఆఫీసు కోసం ఒక రేకుల షెడ్డు. ప్లాట్లే అమ్ముడుపోలేదు.

ఆదివారం పొద్దున వ్యాపారీ, ఆయన డ్రైవరూ రెండు కార్లనూ తెచ్చారు. ఆర్చి దాటగానే బ్రేకు పడింది. మా నల్లటి ట్రాక్ ఎక్కడా కనపడటం లేదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఆరబోసిన వడ్లు!

“అరె, యాసంగి కోతలు గదా, మర్చేపోయిన” అన్నాడు బావ నెత్తి కొట్టుకుంటూ. వరంగల్‌లో పుట్టి పెరిగిన ఇద్దరం, కోతలప్పుడు ఖాళీ రోడ్డు దొరుకుతుందనుకున్నాం!

ఖాళీ చేయిద్దామని బావ మీసం సవరించుకుని దిగాడు. వడ్లలో కాళ్లతో సాళ్లు తోలుతున్న ఒక పెద్దమ్మ కొంగు సర్దుకుని ఎదురొచ్చింది.

“ఈ వెంచర్ నాదేనమ్మా” అన్నాడు గంభీరంగా.

“నువ్వేనా బిడ్డా! గింత మంచి రోడ్డు ఏసినవ్. మట్టి లేదు, రాయి లేదు. నీ కడుపు సల్లగుండ!”

మా బావను అప్పటిదాకా దీవించినవాళ్లు లేరు, ప్లాటు కొన్నవాళ్లతో సహా. ఆయన మీసం మీది చెయ్యి దిగిపోయింది. “ఎప్పుడెత్తుతరమ్మా?” అని మాత్రం అడగగలిగాడు. “పొద్దుమూకినంక” అందామె. వ్యాపారి గడియారం చూపించాడు. నా రౌండు కళ్ల ముందే ఆవిరైపోతుంటే నాకు ఏడుపొక్కటే తక్కువ.

అంతలో పడమట మొగులు కమ్మింది. చెడగొట్టు వాన. జనం పరుగులు పెట్టి వడ్లు కుప్పలు చేస్తున్నారు, బస్తాలకెత్తుతున్నారు. ట్రాక్టరేమో పొద్దున పోయిన లోడుతో మార్కెట్టులో ఉంది. “తడిస్తే ఎవ్వలు కొనరు బిడ్డా, ఆరు నెలల కష్టం” అంది పెద్దమ్మ.

బావ రెండు కార్ల వంకా చూశాడు. “బామ్మర్దీ, పసుపుది నువ్వు తియ్. తెల్లది నేను తీస్త. బస్తాలు షెడ్డుల ఏద్దాం.”

“అరె భాయ్, తోలు సీట్లు!” అని వ్యాపారి మొత్తుకున్నాడు.

“నేనున్న గదా, ఫికర్ చెయ్యకు” అన్నాడు బావ, అప్పటికే ఒక బస్తా ఎత్తి.

అట్లా నా జీవితంలో మొదటిసారి స్పోర్ట్స్ కారు స్టీరింగు పట్టుకున్నాను. పక్క సీట్లో వడ్ల బస్తా. సీటు బెల్టు పెట్టలేదని కారు ఒకటే మొత్తుకుంటుంటే, దిగి బస్తాకు బెల్టు పెట్టాను. “మెల్లగ పోనియ్ బిడ్డా, మూతి కట్టలే” అని పెద్దమ్మ అరిచింది. వెనక అంత ఇంజను గుర్రుమంటుంటే, నేను మొదటి గేరులో, నడిచే మనిషితో పందెం ఓడిపోతూ వెళ్లాను. రౌండు మీద రౌండు! బావ అన్న మాట నిలబెట్టుకున్నాడు, అలిసిపోయేదాకా కొట్టాను.

పెద్ద చినుకులు పడే వేళకు వడ్లన్నీ షెడ్డు చేరాయి. వాన వెలిశాక చూస్తే రోడ్డు కడిగిన పలకలా ఖాళీగా ఉంది. బావ నా భుజం తట్టి, “ఇగ నీ రౌండు కొట్టు, పో” అన్నాడు. నేను డోరు తీసేలోగా పెద్దమ్మ పక్క సీట్లో కూర్చుంది. “ఊరి మొగనున్నది మా ఇల్లు, జర దించు బిడ్డా. బర్రె పాలకు యాల్లయింది.”

ఆర్చి దాకా తిన్నటి రోడ్డు. ఎదురు లేదు, అడ్డు లేదు. “జర జల్దీ పోనియ్” అంది పెద్దమ్మ. ఏళ్ల తరబడి ఎవరైనా ఆ మాట అంటే బాగుండునని కాచుకున్నవాణ్ణి. తొక్కాలనుకున్నాను. నా కాలు తొక్కలేదు. ఇంజను కొంచెం గొంతు పెంచగానే అది దానంతటదే బ్రేకు మీదికి పోయింది. రెండో గేరు దాటలేదు. దిగుతూ పెద్దమ్మ కారు వంకా, నా వంకా చూసి, “పాత బండా బిడ్డా?” అంది జాలిగా.

వ్యాపారి సీట్ల సందుల్లోంచి వడ్లు ఏరుకుంటూ వెళ్లిపోయాడు. బావ కారు ఊసు మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడా వెంచరులో ఇళ్లొచ్చాయి, నాలుగిళ్లకో స్పీడ్ బ్రేకరు. మొన్న నా చిన్న కారులో అటు వెళ్తే, ఆర్చి ముందు తిన్నటి రోడ్డు కాసేపు ఖాళీగా దొరికింది. ఇవాళైనా తొక్కుదామనుకున్నాను. వెనక వచ్చిన పాల వ్యాను హారను కొట్టీ కొట్టీ, విసుగెత్తి, నన్ను దాటి వెళ్లిపోయింది.